తెర కదులుతోంది

కరోనా రెండో ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాడు, ప్రాచీన ప్రపంచంలో కళకూ సాహిత్యానికీ గల సంబంధాన్ని జర్మనీ తెలుగువారు తేల్చివేశారు. అంతకుముందు ఆదివారం టీకాలో ఏముంటుందో తేల్చారు. ఆ ముందు ఆదివారం మిరియాల కషాయం గురించి రెండు వర్గాలుగా చీలి, మళ్ళీ కలిశారు. ఇళ్ళ నుంచి కదలడానికి వీల్లేని రోజులు కావడంతో, ఏ విషయమైనా సరే తేలకుండా మిగిలే అవకాశం లేకపోయింది.

ఈ మహత్కార్యం తలకెత్తుకున్నది జర్మనీ తెలుగు సాహితీ సమాఖ్య. సభ్యులు ఎనభై ఏడుగురు. అందులో కార్యవర్గం అరవై ఒక్కరు. మిగిలిన ఇరవై ఆరుగురూ బాధపడకుండా వారిని ప్రత్యేక ఆహ్వానితులుగా ప్రకటించారు. అధ్యక్షులు వెంకటరామారావు గారు జిండెల్ఫింగెన్‌లో కార్లకు సాఫ్ట్‌వేరు రాస్తారు. సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట ఉంటుందే, అది ఆయన చేతి చలవేనంటారు. ఒకసారి మొదలయ్యాక ఆగకపోవడం ఆ గంట ఆయన దగ్గర నేర్చుకుందా, ఆయన గంట దగ్గర నేర్చుకున్నారా అన్నది మాత్రం సమాఖ్య ఇంకా తేల్చవలసి ఉంది.

సభ అన్నాక శాలువా ఉండాలి. కంప్యూటరు తెర మీద జరిగే సభలో ఒకరి భుజాలకు మరొకరు శాలువా కప్పే విద్య ఇంకా రాలేదు గనక, శాలువాలు ముందుగానే పోస్టులో పంపారు. పేరు పిలవగానే ఎవరి శాలువా వారే కప్పుకోవాలనీ, కప్పుకున్న తరువాత సిగ్గుపడుతున్నట్టు తల వంచాలనీ తీర్మానం చేశారు. ఒక ఉపాధ్యక్షుడి పార్సిల్‌ను పక్కింటివారు అందుకుని, అందుకున్న సాయంత్రమే క్వారంటైన్‌లోకి వెళ్ళిపోయారు. ఆయన దుప్పటి కప్పుకున్నాడు. సభలో ఎవరూ తేడా గమనించలేదు.

గమనించినవాడు ఒక్కడే. అతని పేరు పుల్లయ్య. అతను కార్యవర్గంలో లేడు, ఆహ్వానితుల్లోనూ లేడు. ఊళ్ళోని ఇండియన్ రెస్టారెంటులో వంటవాడు.

పుల్లయ్యది పొదిలి దగ్గర పల్లెటూరు. ఊరి బడిలో ఏడు దాకా చదివాడు. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు నాలుగు దేశాల పొయ్యిల ముందు నిలబడ్డాడు. మాట తక్కువ. పొయ్యి ముందు మాట్లాడేవాడు చెయ్యి కాల్చుకుంటాడని అతని నమ్మకం. కళ్ళు మాత్రం ఊరుకోవు. నూనె కాగి పొగ లేవబోయే ముందు దాని మీద సన్నటి వణుకు ఒకటి వస్తుంది. ఆ వణుకు చూసేవాడు పోపు మాడ్చడు. చూడనివాడు ఎన్ని పుస్తకాలు చదివినా మాడుస్తాడు. పుల్లయ్య చదువు అంతా ఆ వణుకు దగ్గరే జరిగింది.

నవంబరు నుంచి రెస్టారెంటులో కూర్చుని తినడం నిషేధం. డబ్బాల్లో కట్టి ఇళ్ళకు చేర్చడమే. అందువల్ల సమాఖ్య వారి విందు పుల్లయ్య మెడకు చుట్టుకుంది. పులిహోర, గుత్తి వంకాయ, చక్కెర పొంగలి కట్టిన డబ్బాలు జిండెల్ఫింగెన్‌లోని సభ్యుల ఇళ్ళకు సైకిలు మీద చేరవేయాలి. బ్రెమెన్‌కూ ఆకెన్‌కూ సైకిలు వెళ్ళదు గనక, ఆ ఊళ్ళ సభ్యులకు పులిహోర ఫొటో ఒకటీ, దాని మీద బ్రెమెన్ కవయిత్రి బాలామణి గారు రాసిన వర్ణన ఒకటీ పంపారు. చిత్రమూ కవిత్వమూ రెండూ అందాయి గనక ప్రాచీనుల లెక్కన అది సంపూర్ణ భోజనమని అధ్యక్షులు సెలవిచ్చారు. ఆకెన్ సభ్యులు ఫొటో చూసి, వర్ణన చదివి, బ్రెడ్డు తిన్నారు.

విందుకు ఒక నియమం ఉంది. అధ్యక్షులు ప్రకటించినప్పుడే అందరూ ఒకేసారి డబ్బా మూత తీయవలెను. ముందుగా తీసినవారి కెమెరా ఆపివేయబడును. భోజనం పన్నెండు గంటలకని కార్యక్రమ పత్రంలో ముద్దక్షరాలలో ఉంది.

ఆ రోజు పదిన్నరకు పుల్లయ్య ఆఖరి డబ్బా పట్టుకుని పౌలురాజు గారి మూడో అంతస్తు ఎక్కాడు. పౌలురాజు ఆనాటి ప్రధాన వక్త. బాపట్ల మనిషి, ఇంజనీరు, యాభై దాటాయి. చక్కెర జబ్బు, పొద్దున్నే సూది. భార్య మేరీకుమారి క్రిస్మస్‌కని పిల్లలతో బాపట్ల వెళ్ళింది. టికెట్టు మూడుసార్లు రద్దయి అక్కడే ఉండిపోయింది. "అన్నా, నువ్వు ఎట్టాగూ అటే తిరుగుతావుగా, ఆయన్ని కాస్త చూస్తా ఉండు" అని పుల్లయ్యకు వాట్సాప్‌లో చెప్పింది. అప్పటినుంచి పౌలురాజు డబ్బాలో పుల్లయ్య తీపి పెట్టడం లేదు.

"పన్నెండుకల్లా తినెయ్యండి సార్. సూది యేసుకున్నారా?"

"తొమ్మిదింటికే అయిపోయిందయ్యా. విందుందిగదా అని టిఫిను కూడా తగ్గించా. ఒకటే ఇడ్లీ."

"అయితే పదకొండున్నరకే తినండి."

"భలేవాడివే! ప్రధాన వక్తని, నేనే ముందు మూత తీస్తే ఎట్టాగయ్యా? రావుగారు కెమెరా కట్టేస్తాడు. నాలుగు నెలలు చదివి రాశాను ఈ వ్యాసం."

"రావుగారు మైకు పట్టుకుంటే పన్నెండు ఎప్పుడైద్దో మీకు తెలవదా సార్?"

"పత్రంలో ఉంది గదా పుల్లయ్యా, పన్నెండని!"

ముద్దక్షరాలలో ఉన్నదాన్ని కాదనేంత చదువు పుల్లయ్యకు లేదు. గది చల్లగా ఉంది. బల్ల వెనక కిటికీ పైనుంచి లోపలికి వాలి, జానెడు తెరుచుకుని ఉంది. గాలి ఆడాలన్నది జర్మన్ల శాసనం, కరోనా వచ్చాక అది వేదం. పువ్వుల తెర అంచు లేచి పడుతోంది. పుల్లయ్య అది చూశాడు, దేన్ని చూసినా చూసినట్టే. డబ్బా బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

పదకొండుకు సభ మొదలైంది. పుల్లయ్య రెస్టారెంటు వంటింట్లో పిండి డబ్బాకు ఫోను ఆనించి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. విందు వండినవాడిని చివర పరిచయం చేస్తామన్నారు గనక అతను హాజరు ఉండాలి. ఫోను రెస్టారెంటుది కావడంతో సభలో అతని పేరు 'వంటిల్లు 2' అని కనబడుతోంది. వక్తలు, పెద్దలు తప్ప తక్కినవారెవరూ నోరు మెదపకుండా, సాంకేతిక కార్యదర్శి భార్గవ్ ఆకెన్ నుంచి అందరి మైకులూ నొక్కేశాడు.

మొదట జ్యోతి ప్రజ్వలన. భార్గవ్ ఇంటర్నెట్ నుంచి దీపం వీడియో ఒకటి వేశాడు. దీపానికి ముందు షాంపూ ప్రకటన వచ్చింది. దాన్ని అందరూ లేచి నిలబడి, చేతులు జోడించి చూశారు. తరువాత ప్రార్థన. తరువాత వక్తను పరిచయం చేసే పెద్దమనిషిని పరిచయం చేయడానికి మరో పెద్దమనిషి. ఆపైన శాలువాలు. పదమూడు మంది తమను తాము సత్కరించుకుని, తమకు తామే కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

పదకొండు నలభైకి అధ్యక్షులు లేచారు.

"సోదర సోదరీమణులారా! శిల్పి చెక్కుతాడు, కవి చెబుతాడు. చెక్కినది చెప్పదు, చెప్పినది చెక్కదు. అయినను, చెక్కినదానిని చెప్పినప్పుడు, చెప్పినదే చెక్కినట్లగును. ఇది నేను చిన్నప్పుడే గ్రహించితిని..."

చిన్నప్పటి నుంచి ఉద్యోగం దాకా రావడానికి ఆయనకు యాభై అయిదు నిమిషాలు పట్టింది. పన్నెండు మధ్యలో ఎక్కడో వచ్చి, పలకరించేవారు లేక వెళ్ళిపోయింది. జిండెల్ఫింగెన్‌లోని డబ్బాలన్నీ మూతలు బిగించుకుని, క్రమశిక్షణతో చల్లబడ్డాయి.

పన్నెండు ముప్పై అయిదుకు పౌలురాజు వ్యాసం అందుకున్నాడు. బాగానే రాశాడు పాపం. పూర్వం గ్రీకు దేశంలో ఒక శిల్పి కంచుతో ఆవును పోత పోశాడట. దాని మీద కవులు కుప్పలు తెప్పలుగా పద్యాలు చెప్పారట. దూడలు పాలకు వచ్చాయని ఒకరు, కాపరి మందలోకి తోలబోయాడని ఒకరు. ప్రాణం ఉన్నట్టుందనడమే ఆ రోజుల్లో బొమ్మకు ఇచ్చే పెద్ద బహుమానమట. ఆవు ఎన్ని లీటర్లు ఇచ్చిందని ఒక్క కవీ అడగలేదే అనుకున్నాడు పుల్లయ్య, ఉల్లిపాయ తోలు తీస్తూ.

ఒంటి గంటకు పౌలురాజు చదివిన వాక్యమే మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివాడు. "ఆ పునరుక్తి ఎంత గంభీరంగా ఉంది!" అని తెర పక్కనుండే రాతపెట్టెలో, అంటే చాట్‌లో, ఎవరో రాశారు. చల్లటి గదిలో ఆయన నుదుటి మీద చెమట మెరిసింది. "విషయంలో లీనమైపోయారు" అని ఇంకొకరు రాశారు. కాగితం పట్టుకున్న చెయ్యి వణికింది. పుల్లయ్య చేతిలో కత్తి ఆగింది.

పౌలురాజు ఇద్దరు చిత్రకారుల పందెం దగ్గరికి వచ్చాడు. ఒకడు ద్రాక్షగుత్తి వేస్తే పిట్టలొచ్చి పొడిచాయట. గెలిచానన్న పొగరుతో వాడు రెండోవాడి దగ్గరకు వెళ్ళాడు. అక్కడ బొమ్మకు అడ్డంగా తెర వేలాడుతోంది. ఆ తెరే బొమ్మ అని వాడికి తెలియదు.

"అప్పుడు మొదటివాడు... ఏదీ, ఆ తెర... తెర తియ్యి..."

అంతే. పౌలురాజు ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నోరు సగం తెరిచి ఉంది, కాగితం పట్టుకున్న చెయ్యి బల్ల మీద ఆనింది.

"పౌల్ సార్ ఫ్రీజ్ అయిన్రు," అన్నాడు భార్గవ్. "నెట్ ఇష్యూ సార్. రెండు నిమిషాలు ఆగుదాం, అదే వస్తది."

"వద్దు, వద్దు! అలాగే ఉండనివ్వండి!" అన్నారు బాలామణి గారు. "ఆ నిశ్చలత చూడండి! ఆ నిర్నిమేష నేత్రాలు చూడండి! పాలరాతిలో చెక్కినట్టు లేరూ?"

అధ్యక్షులకు అప్పుడే వెలుగు తట్టింది. "సభ్యులారా! ప్రాచీనులు బొమ్మను చూసి, మనిషిలా ఉన్నదనిరి. నేడు మనము మనిషిని చూసి, బొమ్మలా ఉన్నాడనుచున్నాము. రెండు వేల సంవత్సరములలో సాహిత్యము సాధించిన ప్రగతి ఇది! వక్త తిరిగి వచ్చువరకు ఆశుకవితా గోష్ఠి నిర్వహించవలసినదిగా బాలామణి గారిని కోరుచున్నాను."

గోష్ఠి మొదలైంది. బ్రెమెన్ నుంచి సీసం వచ్చింది. దుప్పటి ఉపాధ్యక్షుడు కందం చెప్పి, గణం తప్పి, మళ్ళీ చెప్పాడు. వచన కవులు కూడా వెనక్కి తగ్గలేదు. ఎనభై ఆరు మంది కళ్ళప్పగించి పౌలురాజునే చూస్తూ పద్యాలు కడుతున్నారు.

పుల్లయ్య పౌలురాజును చూడడం లేదు. ఆయన వెనక చూస్తున్నాడు. పువ్వుల తెర అంచు మెల్లగా లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

నెట్టు ఆగితే తెర కూడా ఆగాలి గదా.

పుల్లయ్య అరిచాడు. మైకు నొక్కేసి ఉంది గనక ఆ అరుపు వంటింట్లో గిన్నెలు మాత్రమే విన్నాయి. ఉల్లిపాయ చేతులతోనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుని రాతపెట్టెలో రాశాడు: "తెర కదులుతోంది."

"ఆహా!" అన్నారు బాలామణి గారు. "రెండే మాటలు! ఎవరండీ ఈ 'వంటిల్లు 2'? ఎంత ఆధునికమైన కలం పేరు!"

ఇరవై ఏడు చప్పట్ల బొమ్మలు లేచాయి. పుల్లయ్య మళ్ళీ రాశాడు: "మనిషి కదలట్లేదు."

"రెండో పాదం! మొదటి పాదంలో చలనం, రెండో పాదంలో నిశ్చలత! విరోధాభాసం చూశారా అధ్యక్షా?"

"చూచితిని," అన్నారు అధ్యక్షులు.

మూడో పాదం కోసం సభ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుండగా 'వంటిల్లు 2' అక్కడి నుంచి మాయమయ్యాడు.

సైకిలు ఎక్కబోతూ పుల్లయ్య అంబులెన్సు నంబరు 112కు ఫోను చేశాడు. వంటింట్లో నేర్చిన జర్మన్ ఎంతో అంతే మాట్లాడాడు. "మాన్. ట్సుకర్. నిష్ట్ ష్ప్రెషెన్." మనిషి, చక్కెర, మాట లేదు. ఆపైన వీధి పేరు, ఇంటి నంబరు. వ్యాకరణం లేదు, విరోధాభాసం లేదు, అయినా అవతలి మనిషికి ఒక్కసారికే అర్థమైంది.

పౌలురాజు ఇంటి తాళం చెవి ఒకటి కింది వాటా ముసలావిడ ఈవా దగ్గర ఉంటుంది. తలుపు తీయగానే ఆవిడ ముక్కు మీద వేలు పెట్టి చూపించింది. పుల్లయ్య మాస్కు పెట్టుకున్నాడు. తాళం చెవితోపాటు తేనె సీసా కూడా ఇమ్మని చేత్తో చూపించాడు. ఆవిడ రెండూ పట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కి, గుమ్మం బయటే నిలబడిపోయింది. ఒక ఇంటివారు, పైన ఇంకొక్కరు. అంతకు మించి కలవకూడదని ప్రభుత్వం. పుల్లయ్య లోపలికి వెళ్ళాడు గనక లెక్క అక్కడితో సరి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్రదీపం దాటి ఎరగదు. గుమ్మంలోంచి పౌలురాజు ముఖం చూసింది. చూసి, ప్రభుత్వాన్ని గుమ్మం దగ్గరే వదిలి లోపలికి వచ్చి ఆయన తల పట్టుకుంది.

పుల్లయ్య వేలితో కాస్త కాస్త తేనె బుగ్గ లోపల రాశాడు. బల్ల మీద కంప్యూటరులో గోష్ఠి ఉధృతంగా సాగుతోంది. "ఓ స్తబ్ధ మూర్తీ, ఓ మౌన కీర్తీ" అంటున్నారెవరో.

"ఎవరు బాబూ, చిత్రంలోకి వచ్చినది?" ఇది అధ్యక్షుల గొంతు. "పుల్లయ్యా! ఏమిటిది? భోజన కార్యక్రమం ఇంకా ప్రకటించలేదు!"

పౌలురాజు మైకు తెరిచే ఉంది. సమాఖ్య చరిత్రలో పుల్లయ్య గొంతు వినబడడం అదే మొదటిసారి.

"నెట్టు బానే ఉంది సార్. మనిషే ఆగిపోయాడు."

నాలుగు క్షణాల పాటు జర్మనీ అంతటా తెలుగువారు మౌనంగా ఉన్నారు. ఇది కూడా చరిత్రలో మొదటిసారే. ఆ తరువాత బాలామణి గారు, సన్నగా, "మూడో పాదం..." అన్నారు.

అంబులెన్సు వాళ్ళు వచ్చారు. తల నుంచి కాలి దాకా తెల్లటి దుస్తులు, ముఖాలకు అద్దాలు. సూది గుచ్చారు, సీసా వేలాడదీశారు. పౌలురాజు కళ్ళు మెల్లగా కదిలాయి. మొదట కంప్యూటరు తెరను చూశాడు, తరువాత పుల్లయ్యను చూశాడు.

"పన్నెండైందా?" అన్నాడు.

"ఇంకా కాలేదు సార్," అన్నాడు పుల్లయ్య. "రావుగారు చెప్పలేదు."

"సార్, రికార్డింగ్ ఆపాల్నా?" అన్నాడు భార్గవ్.

"ఆపవద్దు," అన్నారు అధ్యక్షులు.

పౌలురాజు మూడో రోజుకు ఇంటికి వచ్చాడు. సమాఖ్య అంతకంటే వేగంగా కోలుకుంది. నెల తిరక్కుండా ఆనాటి ముప్పై ఒక్క పద్యాలతో సంకలనం వెలువడింది. 'జీవశిల్పం' అని పేరు పెట్టారు. అట్ట మీద పౌలురాజు ఆగిపోయిన ఫొటో. పుస్తకానికి ముందు పేజీలో "తెర కదులుతోంది / మనిషి కదలట్లేదు / నెట్టు బానే ఉంది సార్" అన్న మూడు పాదాలు, కింద 'వంటిల్లు 2' అన్న పేరు. నాలుగో పాదం కవి కావాలనే వదిలేశాడనీ, ఆ శూన్యంలోనే అసలు కవిత్వం ఉందనీ బాలామణి గారు పద్నాలుగు పేజీల ముందుమాట రాశారు. ప్రధాన వక్తకు అస్వస్థత కలిగిన సందర్భాన్ని సమాఖ్య తీవ్రంగా పరిగణించి, ఇకముందు భోజనం పన్నెండు గంటలకన్న మాటను కార్యక్రమ పత్రం నుంచి తొలగించింది.

ఆవిష్కరణ సభకు పుల్లయ్యకు శాలువా వచ్చింది, పోస్టులో. పిలవగానే కప్పుకున్నాడు. ఈసారి భార్గవ్ అతని మైకు తెరిచాడు.

"కవిగారు రెండు మాటలు మాట్లాడాలి," అన్నారు అధ్యక్షులు.

పుల్లయ్య మాట్లాడలేదు. పిండి డబ్బాకు ఆనించిన ఫోనులోకి చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి కదపలేదు, రెప్ప ఆర్పలేదు. అతని వెనక పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది. ఆవిరి లేస్తోంది, మూత ఎగిరెగిరి పడుతోంది. చూసేవాడికి కనబడేట్టే ఉంది అంతా.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"నెట్ పోయినట్టుంది సార్," అన్నాడు భార్గవ్.

"ఉండనివ్వండి, ఉండనివ్వండి," అన్నారు బాలామణి గారు. అప్పటికే ఆవిడ కలం మూత తీశారు.

మూడో పద్యం నడుస్తుండగా పుల్లయ్య సొంత ఫోను మోగింది. పౌలురాజు.

"ఏందయ్యా, కదలట్లేదు? ఒంట్లో బానే ఉందా? నన్ను రమ్మంటావా?"

"బానే ఉన్నా సార్. ఎవరన్నా అడుగుతారేమోనని చూస్తన్నా."

"అడిగారా?"

"మీరు అడిగారు."

పుల్లయ్య లేచి పప్పు దించాడు. సభలో ఎవరూ గమనించలేదు. అందరూ రాసుకుంటున్నారు.

ఆ రోజు అతని మౌనం మీద పంతొమ్మిది పద్యాలు వచ్చాయి. రెండో సంకలనం తయారవుతోంది. ఈ కథ చదివిన పాఠకులకు కూడా ఏదైనా పద్యం తోచి ఉంటే నెలాఖరులోగా సమాఖ్యకు పంపవచ్చు. పద్యం కాక, ఎవరికైనా ఫోను చేసి ఎలా ఉన్నారని అడగాలని తోచినవారు మాత్రం క్షమించాలి. సమాఖ్యలో అటువంటి విభాగం ఇంకా ఏర్పడలేదు.